చక్రాల ఇంటికి తాళం పడితే
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను అమెరికా యాత్రానుభవాలు చెప్పమని ఆజ్ఞాపించారు. నయాగరా గురించి, న్యూయార్కు గురించి ఈ వేదిక మీద ఇంతకు ముందే చాలామంది చక్కగా చెప్పారు. నేను ఒక్క తలుపు గురించి మాత్రం మనవి చేస్తాను. మనలో చాలామంది పిల్లల దగ్గరకు వెళ్లి నెలల తరబడి ఉండి వస్తున్నవాళ్లమే కనుక ఇది పనికివస్తుందని నా నమ్మకం.

అక్కడ సెలవులొస్తే మోటారుహోము అనే బండి అద్దెకు తీసుకుని తిరగడం ఒక అలవాటు. లారీ ఛాసిస్ మీద కట్టిన ఇల్లు అనుకోండి. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ అందులోనే. ఫ్రిజ్ కరెంటు మీదా నడుస్తుంది, గ్యాసు మీదా నడుస్తుంది. 25 అడుగుల బండి నడపడానికి చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సు చాలునట! హెవీ లైసెన్సు కోసం మన డ్రైవర్లు పడిన పాట్లు తలచుకుని నాకు నిద్ర పట్టలేదు. డిపో గ్యారేజీలో 34 ఏళ్లు బస్సుల కింద పడుకున్నవాణ్ణి గనుక ఎక్కీ ఎక్కగానే కింద పడుకుని స్ప్రింగులు చూశాను. మా కోడలు నవ్వింది.

2019 అక్టోబరులో మా అబ్బాయి ఫీనిక్సులో ఈ బండి తీసుకుని మమ్మల్ని గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు తీసుకువెళ్లాడు. ఆ చోటు సముద్రమట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తు. ఎడారి రాష్ట్రం కదా అని పల్చటి బట్టలతో వెళితే పొరపాటే, అక్టోబరు రాత్రుళ్లు గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటాయి. సాయంత్రం అబ్బాయి, కోడలు సూర్యాస్తమయం చూడడానికి అక్కడి ఉచిత షటిల్ బస్సులో వెళ్లారు. టిక్కెట్టు లేని బస్సు, కలెక్షను గొడవ లేని కండక్టరు! సరే, అది వేరే సంగతి. మా ఆవిడకు మోకాళ్ల నొప్పి గనుక మేమిద్దరం, ఏడేళ్ల మనవడు బండి దగ్గర ఉండిపోయాం. తాళంచెవుల గుత్తి ఒక్కటే ఇచ్చారు, దాన్ని మా కోసమని లోపల బల్ల మీద పెట్టి వెళ్లారు.

మా ఆవిడకు పన్నెండేళ్లుగా షుగరు. భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ పూట వేసుకుంది. చపాతీలు, కూర బల్ల మీద సర్దింది. బయట రాళ్లేరుకుంటున్న మనవణ్ణి పిలవడానికి మెట్టు దిగింది. నేను అప్పటికే బయట కుర్చీలో ఉన్నాను. గాలి ఒక్క విసురు విసిరింది. తలుపు ధడాలున పడింది. లాగితే రాలేదు.

ఆ తలుపుకు ఒకే పిడిలో రెండు తాళాలుంటాయి. ఒకటి పెద్ద గడియ, రెండోది పిడి తాళం. పిడి తాళానికి లోపలి వైపు చిన్న మీట ఉంటుంది. ఆ బండిలో ఆ మీట వదులైపోయి, కుదుపుకు తనంతట తానే జారుతోందని దరిమిలా తెలిసింది. అద్దెకిచ్చిన కంపెనీవారు బండి అప్పగించేటప్పుడు చూడవలసిన సంగతి అది. తిరిగి అప్పగించిన రోజున ఆ రిపేరు ఖర్చు మా బిల్లులోనే వేశారు. మా అబ్బాయి అరగంట వాదిస్తే తీసేశారు.

లోపల అన్నం, బయట ఇన్సులిన్ వేసుకున్న మనిషి. చపాతీలు అద్దంలోంచి కనబడుతూనే ఉన్నాయి. ఆమె చేతిసంచి, అందులోని చక్కెర పొట్లం కూడా లోపలే. ఫోన్లు లోపలే. పావుగంట గడిచేసరికి మా ఆవిడ "కాస్త చెమట పడుతోందండీ" అంది. అంత చలిలో చెమట ఏమిటి? నాకు కాళ్లు ఆడలేదు. డిపోలో ఎన్ని బ్రేక్‌డౌన్లు చూశాను, ఆ నిముషాన ఒక్కటీ పనికిరాలేదు. రాయి తీసుకుని అద్దం పగలగొడదామని వంగాను కూడా. ఆవిడే ఆపింది. "ముందు ఏదైనా తినడానికి దొరుకుతుందేమో అడగండి, అద్దం ఎక్కడికీ పోదు" అంది.

అక్కడి క్యాంపుల్లో హోస్టు అని ఒకరుంటారు. చాలాచోట్ల వీరు మనలాంటి రిటైరైన దంపతులే. జీతం ఉండదు. బండి నిలుపుకోవడానికి చోటిస్తారు, వచ్చినవారికి సాయం చేస్తుంటారు. మనవడు పరుగున వెళ్లి పిలుచుకువచ్చాడు. వాడి ఇంగ్లీషు ముందు నా డిపో ఇంగ్లీషు ఎందుకు లెండి! "షుగర్, ఇన్సులిన్, ఈటింగ్ లాక్డ్" అన్న నా మూడు ముక్కలు ఆయనకు సరిపోయాయి. ఆయన తలుపు వంక చూడనైనా చూడలేదు. భార్యను కేకేసి నారింజ రసం తెప్పించి మా ఆవిడ చేత అరగ్లాసు తాగించాడు. పదిహేను నిముషాలు గడియారం చూసి, ఇప్పుడెలా ఉందని అడిగి, బ్రెడ్డు పెట్టించాడు. సుమారు పదిహేను గ్రాముల చక్కెర ఇచ్చి పదిహేను నిముషాలు ఆగి మళ్లీ చూడడం డాక్టర్లు చెప్పే పద్ధతే. షుగరున్న సభ్యులు రాసుకోండి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏదీ పోయకూడదు, అక్కడైతే వెంటనే 911కు ఫోను చేయాలి. లోపల పసిబిడ్డ చిక్కుకున్నా, పొయ్యి వెలుగుతున్నా అంతే. తాళంచెవి కోసం వెతుకుతూ కూర్చోకూడదు.

ఆవిడ తేరుకున్నాకనే ఆయన బండి వైపు తిరిగాడు. ముందు మా పేరు, మా చోటు చీటీతో సరిచూసుకున్నాడు. అది నాకు నచ్చింది, అడిగినవాడికల్లా తలుపు తీసేవాడు దొంగకూ తీస్తాడు కదా. తరువాత బండి చుట్టూ తాపీగా ఒక ప్రదక్షిణ చేశాడు. డ్రైవరు తలుపు, పక్క తలుపు, కిటికీలు ఒక్కొక్కటే లాగి చూశాడు. ఎర్ర పిడి ఉన్న ఎమర్జెన్సీ కిటికీ ఒకటుంది గానీ అది లోపలి నుంచే తెరుచుకుంటుంది. మన బస్సు ఎమర్జెన్సీ తలుపుకు బయట కూడా పిడి ఉంటుందని నేను చెప్పబోయాను, ఆయనకు తీరిక లేదు.

అప్పుడు జేబులోంచి చిన్న తాళంచెవి తీశాడు. దాని మీద సి.హెచ్. 751 అని ఉంది. సామాన్లు పెట్టుకునే బయటి అరలకు చాలా కంపెనీల బండ్లలో ఇదే నంబరు తాళం వేస్తారట, ఒకరి చెవితో మరొకరి అర తెరుచుకుంటుంది! వెనక మంచం కిందికి పోయే అర తెరిచాడు. ఆ మంచం చెక్క పైకి లేస్తుంది. నన్ను చూశాడు, నా పొట్ట చూశాడు, మనవణ్ణి చూశాడు. వాడు చొక్కా పైకి లాక్కుని దూరాడు. లోపల టక్కుమని చప్పుడు, "తాతయ్యా, చెక్క బరువుగా ఉంది" అని కేక, రెండు నిముషాలు నిశ్శబ్దం. ఆ రెండు నిముషాలు నేను అర్జునః ఫల్గుణః అనుకుంటూనే ఉన్నాను. తలుపు తెరుచుకుంది. వాడి చేతిలో చపాతీ ఉంది, నానమ్మకని తెచ్చాడు.

ఈ దారి దొరకకపోతే తాళాలవాణ్ణి పిలవాల్సిందే. ఫోనులో తక్కువ రేటు చెప్పి వచ్చాక ఎక్కువ లాగేవారుంటారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషనే హెచ్చరించింది. మొత్తం ఎంతో ముందే ఖాయపరచుకోమని పిల్లలకు చెప్పండి. 1902 నుంచి ఉన్న ట్రిపుల్ ఏ అనే మోటారు సంఘం సాయమూ ఉంది గానీ, అది మోటారుహోముకు వర్తిస్తుందో లేదో బయలుదేరే ముందే అడిగి తెలుసుకోవాలి.

మా అత్తగారు చిల్లర కొంగున ముడి వేసుకునేవారు. ఇప్పుడు మా ఆవిడ ఎక్కడికి వెళ్లినా నాలుగు గ్లూకోజు బిళ్లలు కొంగున ముడి వేస్తుంది. పెళ్లిళ్లలో ఎవరైనా చూసి నవ్వితే వాళ్లకూ ఒకటిస్తుంది.

ఆ 751 తాళంచెవి ఒకటి కొని తెచ్చాను. చూడదలచినవారు టీ విరామంలో అడగండి. చూసి మళ్లీ నాకే ఇవ్వండి, పోయినసారి ఇలాగే నా కళ్లజోడు పోయింది. సెలవు.