బస్సు డెక్కు నేర్పిన పని
(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి, "నీ వృత్తి గురించి పది నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. నేను పవర్ సప్లైలు డిజైన్ చేసే ఇంజినీరును. ఆ సంగతి పది నిమిషాలు చెబితే భోజనాల గంట కొట్టేదాకా ఎవరూ మేలుకొని ఉండరు. అందుకని నాకు ఈ పని పట్టించిన ఒక యంత్రం గురించి చెబుతాను. అది బస్సుల్లో పెట్టే వీడియో క్యాసెట్ ప్లేయరు. మనందరం డెక్కు అనేవాళ్లం. దాని గురించే మాట్లాడటానికి ఇంకో కారణం కూడా ఉంది. చివర్లో మీతో నాకొక పని ఉంది.

నేను పదో తరగతి పాసైంది 1986లో. అప్పుడు మన పెద్దవంగర కొడకండ్ల మండలంలో, వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో మన ఊరే మండలమై మహబూబాబాద్ జిల్లాలో చేరింది. మన దేశంలో రంగుల టీవీ ప్రసారాలు 1982లో మొదలయ్యాయి. ఆ వెంటనే డెక్కులు వచ్చాయి. పెండ్లికో పండుగకో టీవీ, డెక్కు కిరాయికి తెచ్చి, వాకిట్లో చాపలు పరిచి, తెల్లవారేదాకా మూడు సినిమాలు చూసిన తరం మాది. మా తరం వాళ్లు నవ్వుతున్నారంటే గుర్తుకొచ్చిందన్నమాట.

కొన్నాళ్లకు ఆ డెక్కు బస్సెక్కింది. తిరుపతికో షిరిడీకో పోయే బస్సులకు ముందు అద్దం మీద "వీడియో కోచ్" అని రాసేవారు. డ్రైవరు వెనక, పైన ఒక పెట్టెలో టీవీ, దాని కింద అరలో డెక్కు. చాలా క్యాసెట్ల మొదట్లో, ఇది ఇంట్లో చూసుకోవడానికే, బస్సుల్లో, హోటళ్లలో, బడుల్లో వేయకూడదు అని ఇంగ్లిషులో ఒక హెచ్చరిక వచ్చేది. బస్సులో కూర్చొని ఆ హెచ్చరిక కూడా చూసేవాళ్లం.

నేను వరంగల్‌లో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో ఆదివారాలు, సెలవులు హన్మకొండలో ఒక రేడియో, టీవీ రిపేరు దుకాణంలో పని నేర్చుకున్నాను. దుకాణం ఆయనను అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. ఆయన బడి చదువు తక్కువే, కాని చేతికి వచ్చిన చదువు చాలా ఉండేది. టూరిస్టు బస్సుల డెక్కులు ఎక్కువగా మా దగ్గరికే వచ్చేవి.

పిల్లలూ, మీలో చాలామంది క్యాసెట్ చూసి ఉండరు. అందుకని ముందు ఆ యంత్రం పని చెబుతాను. 1976లో జపాన్‌కు చెందిన జేవీసీ కంపెనీ వీహెచ్ఎస్ అనే పద్ధతిని మార్కెట్‌లోకి తెచ్చింది. క్యాసెట్‌లో అర అంగుళం వెడల్పు టేపు ఉంటుంది. మూడు గంటల క్యాసెట్‌లో దాని పొడవు సుమారు 250 మీటర్లు. ఆ టేపు సెకనుకు 23 మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది. అంత మెల్లగా పోయే టేపు మీద బొమ్మకు కావలసినంత సమాచారం పట్టదు. అందుకని టేపు మెల్లగా పోతుంటే, తలను వేగంగా తిప్పారు. 62 మిల్లీమీటర్ల డ్రమ్ము ఒకటి కొద్దిగా వాలుగా నిలబడి, నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. దాని అంచున ఎదురెదురుగా రెండు చిన్న హెడ్లు. అవి టేపు మీద ఏటవాలు గీతల్లో బొమ్మను చదువుతాయి. ఒక్కో గీత వెడల్పు 49 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. మన తల వెంట్రుక కంటే సన్నం.

ఇంత సున్నితమైన దాన్ని ఇంట్లో బల్ల మీద పెట్టినా జాగ్రత్తగా చూసుకోవాలి. దాన్ని తీసుకుపోయి దుమ్ము, ఎండ, కుదుపులు, డీజిలు పొగ మధ్య పెట్టారు. మా దుకాణానికి పనికి కరువెక్కడిది!

డ్రైవర్లు ఎక్కువగా చెప్పే మాట ఇది: "తమ్మీ, మాటలు వినబడుతున్నయి గని బొమ్మ వస్తలేదు. ప్యాసింజర్లు లొల్లి పెడుతున్నరు." ఆ ఒక్క మాటలో సగం రిపేరు ఉంది. మాటలు టేపు అంచున వేరే గీతలో ఉంటాయి. వాటిని చదివే హెడ్డు తిరగదు, ఒకచోటే ఉంటుంది. మాటలు బాగున్నాయంటే టేపు సరిగ్గా కదులుతోంది, కరెంటు అందుతోంది. బొమ్మ లేదంటే తిరిగే హెడ్డుకు దుమ్ము పట్టింది. మెత్తటి తోలు ముక్కను ఐసోప్రొపైల్ స్పిరిట్‌లో తడిపి డ్రమ్ముకు ఆనించి పట్టుకొని, రెండో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పాలి. తోలును కిందికీ మీదికీ రుద్దకూడదు, హెడ్డు అంచు విరుగుతుంది. విరిగితే కొత్త డ్రమ్మే. తడి ఆరేదాకా క్యాసెట్ పెట్టకూడదు. ఇదంతా పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఉస్తాద్ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

రెండో ఫిర్యాదు "టేపు నములుతుంది". డెక్కులో ఒక చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. చదవడం అయిపోయిన టేపును చుట్టుకునే రీలును అదే తిప్పుతుంది. బస్సు ఎండలో నిలబడితే అరలో వేడికి ఆ రబ్బరు గట్టిపడి, నున్నబడి, జారుతుంది. రీలు తిరగదు, టేపు మాత్రం వస్తూనే ఉంటుంది. చుట్టుకునే దారి లేక లోపల రోలరుకు చుట్టుకుపోతుంది. అలా జరగకుండా రీలు కింద ఒక సెన్సరు పెట్టారు. రీలు ఆగిందని తెలిసిన కొద్ది సెకన్లలోనే అది డెక్కును ఆపేస్తుంది. అలాగే లోపల చెమ్మ చేరితే ఆపడానికి ఒక సెన్సరు, టేపు చివరికి వస్తే ఆపడానికి ఇంకొకటి.

ఒకరోజు ఒక బస్సు ఓనరు వచ్చి, "ఉస్తాద్, ఈ డెక్కు ఊకె ఆగుతుంది. ఆ సెన్సరు పీకేయి. ఆగకుండ నడవాలె" అన్నాడు. డబ్బు ఎక్కువ ఇస్తానన్నాడు. సెన్సరును మోసం చేయడం పెద్ద పని కాదు, చిన్న తీగ ముక్క చాలు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "పటేలా, అది ఆగుతుంది కాబట్టే మీ టేపు బతికింది. ఆగినందుకు దాన్ని తిడితే ఎట్ల? ఎందుకు ఆగిందో చూద్దాం" అన్నాడు. రబ్బరు చక్రం మార్చాడు. డెక్కు నడిచింది. ఆగడం జబ్బు కాదు, జబ్బు ఉందని పంపిన కబురు అని నాకు ఆ రోజు అర్థమైంది. నలభై ఏండ్లుగా నేను చేస్తున్న ఇంజినీరింగ్ అంతా ఈ మాట చుట్టే తిరుగుతోంది.

ఇక నన్ను ఈ వృత్తిలోకి తోసిన కేసు చెబుతాను. ఒక బస్సు డెక్కు మూడుసార్లు దుకాణానికి వచ్చింది. దాబా దగ్గర ఇంజిన్ ఆపితే చాలు, పావుగంటలో డెక్కు బందవుతోంది. దుకాణంలో 12 వోల్టుల సప్లై పెట్టి మూడు గంటలు సినిమా వేస్తే ఏ లోపమూ లేదు. మూడోసారి ఉస్తాద్ నా చేతిలో మీటరు పెట్టి, "డెక్కును ఇక్కడికి తెస్తే ఏం లాభం? నువ్వే బస్సు దగ్గరికి పో" అన్నాడు.

బస్సులో 12 వోల్టుల బ్యాటరీలు రెండు, ఒకదాని వెంట ఒకటి కలిపి 24 వోల్టులు. డెక్కుకు, టీవీకి 12 వోల్టులే కావాలి. అందుకని ఎవరో బాడీకి కలిసిన ఒక్క బ్యాటరీ మీంచే తీగ లాగారు. ఇంజిన్ ఆపించి రెండింటి చివరల మధ్య మీటరు పెట్టాను. 25.2 వోల్టులు. బాగానే ఉంది. అప్పుడు దేనికది విడిగా చూశాను. ఒకటి 13.4, రెండోది 11.8. మొత్తం సరిగ్గానే ఉంది, పంపకంలో తేడా ఉంది. టీవీ, డెక్కు వేయించి కూర్చున్నాను. ఆ రెండో బ్యాటరీ మెల్లమెల్లగా దిగి, 10.6 దగ్గరికి రాగానే డెక్కు ఆగింది.

కారణం మన పదో తరగతి పుస్తకంలోనే ఉంది. వరుసలో కలిపిన వాటి గుండా ఒకే కరెంటు పోతుంది. బస్సు చార్జింగ్ మెషీను రెండు బ్యాటరీలకూ సమానంగానే కరెంటు పంపుతుంది. కాని ఖర్చు ఒక్కదాని మీదే పడుతోంది. మెషీనుకు కనిపించేది మొత్తం వోల్టేజీ ఒక్కటే. దాంతో ఒకటి ఎప్పటికీ నిండదు, ఇంకొకటి నిండిన తర్వాత కూడా చార్జి ఎక్కుతూ నీళ్లు మరిగిపోతుంది. నేనిది చెబుతుంటే ఓనరు మధ్యలో అందుకున్నాడు. "అందుకేనా నాలుగు నెలలకో బ్యాటరీ మారుస్తున్న!" ఆయన డెక్కు గోడు టీవీ దుకాణంలో చెప్పుకున్నాడు, బ్యాటరీ గోడు బ్యాటరీ దుకాణంలో చెప్పుకున్నాడు. రెండూ ఒకే జబ్బని చెప్పేవాళ్లు ఏ దుకాణంలోనూ లేరు. బస్సు దగ్గరికి పోతేనే అది కనిపిస్తుంది.

రెండు బ్యాటరీల నుంచీ సమానంగా తీసుకొని 24ను 12 చేసే పెట్టె ఒకటి కావాలి. ఉస్తాద్, నేను కలిసి తయారు చేశాం. టీవీ, డెక్కు కలిపి ఆరు ఆంపియర్లు. మిగిలిన 12 వోల్టులను ఆరుతో గుణిస్తే 72 వాట్లు, అదంతా వేడిగా పోవాలి. రెండు సోల్డరింగ్ ఐరన్లు పక్కపక్కన కాలుతున్నంత వేడి అది. 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు నాలుగు, రెక్కలున్న పెద్ద అల్యూమినియం దిమ్మకు బిగించి, గాలి తగిలే చోట పెట్టాం. ఆ తర్వాత ఆ బస్సు డెక్కు ఆ జబ్బుతో మళ్లీ మా దుకాణానికి రాలేదు. నేను చేసిన మొదటి పవర్ సప్లై అదే. ఇప్పుడు అదే పని పదో వంతు వేడితో చేసే సర్క్యూట్లు గీస్తున్నాను. లెక్క మాత్రం ఇదే బడిలో మా సైన్సు సారు నల్లబల్ల మీద వేసిన లెక్కే.

ఇక నాకు మీతో ఉన్న పని.

ప్రపంచంలో వీహెచ్ఎస్ డెక్కులు చివరిదాకా తయారు చేసింది జపాన్‌లోని ఫునై కంపెనీ. 2016 జులైలో అది కూడా ఆపేసింది. అంటే ఇప్పుడు నడిచేవన్నీ పాత డెక్కులే. వాటి రబ్బరు గట్టిపడుతోంది, హెడ్లు అరుగుతున్నాయి, బాగుచేసే చేతులకు వయసు మీద పడుతోంది. అటు మన బీరువాల మీద, అటకల మీద 1985 నుంచి 2000 దాకా తీసిన పెండ్లి క్యాసెట్లు ఉన్నాయి. వాటిలో మన అమ్మానాన్నలు నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. ఫొటోలో ముఖమే ఉంటుంది. నడక, గొంతు క్యాసెట్‌లోనే ఉన్నాయి. ఈ బడి వార్షికోత్సవాలో, సార్ల రిటైర్మెంటు సభలో తీసిన క్యాసెట్లు కూడా ఎవరి ఇంట్లోనో ఉండవచ్చు. ఈ రోజు ఈ వేదిక మీద ఉండవలసి ఉండి, లేని సార్ల గొంతు మళ్లీ వినాలంటే మనకు ఉన్న దారి అదొక్కటే.

నా దగ్గర నడిచే డెక్కులు రెండున్నాయి. వచ్చే ఎండాకాలం సెలవుల్లో పది రోజులు వాటిని తెచ్చి ఈ బడిలోనే పెడతాను. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే తొందర పనికిరాదు. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది. రోజుకు ఒక్కో డెక్కు మీద మూడు, రెండింటి మీద ఆరు, పది రోజుల్లో అరవై. తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో ఇష్టమున్నవాళ్లు నా పక్కన కూర్చోవాలి. హెడ్డు తుడవడం, రబ్బరు చూడటం, మీటరు పెట్టడం నేర్పుతాను. డెక్కు రిపేరుతో మీకు రేపు ఉద్యోగం రాదు. కాని ఆగిన యంత్రాన్ని తిట్టకుండా, ఎందుకు ఆగిందని అడిగే అలవాటు వస్తుంది. అది ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుంది.

ఎవరి క్యాసెట్ వాళ్లకే తిరిగి ఇస్తాం, కాపీ కూడా వాళ్లకే. ఇంటి క్యాసెట్లు బయట ఎవరికీ చూపించం. బడి క్యాసెట్లు మాత్రం, ఇచ్చినవాళ్లు ఒప్పుకుంటే, సంఘం దగ్గర ఒక కాపీ ఉంచుదాం.

అప్పటిదాకా కొన్ని జాగ్రత్తలు పాటించండి. ఉత్సాహం కొద్దీ ఎక్కడైనా పాత డెక్కు దొరికిందని ఇంట్లో వేసి చూడకండి. క్యాసెట్ కిటికీలోంచి చూడండి. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే అసలు వేయకండి, దాన్ని వేరే సంచిలో పెట్టి తెండి. ఎండలో ఆరబెట్టకండి. స్పీకర్ల పక్కన పెట్టకండి, వాటిలో అయస్కాంతం ఉంటుంది. పుస్తకాల్లా నిలబెట్టండి. వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేయండి, అప్పుడు దాని మీద పొరపాటున ఇంకేదీ రికార్డు కాదు. ఎవరిదో, ఏ సంవత్సరానిదో ఒక చీటీ మీద రాసి అంటించండి. చూడగానే చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే రాయించండి.

పేర్లు ఈ రోజే సంఘం కార్యదర్శి దగ్గర రాయించుకోండి. భోజనాల తర్వాత నేను అక్కడే ఉంటాను.