‘మా’ అంటే ఎవరు?

(కామారెడ్డిలోను, మర్నాడు ఎల్లారెడ్డిలోను జరిగిన కార్యకర్తల సమావేశాల్లో మా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



టీవీ గురించి మాట్లాడుతమంటే కొందరు మిత్రులు నవ్విన్రు. భూమి గురించి, కూలి గురించి మాట్లాడవలసిన చోట సీరియళ్ల ముచ్చటేందని అడిగిన్రు. అడగవలసిందే. కాని ఈ సమావేశం కోసం వాడవాడ తిరిగినప్పుడు మేమొకటి చూసినం. సాయంత్రం ఏడింటికి మీటింగు పెడితే మగవాళ్లు నలుగురు వచ్చిన్రు, ఆడవాళ్లు రాలేదు. చాటలో ఆకు, తంబాకు, దారం పెట్టుకుని బీడీలు చుడుతూ టీవీ ముందర కూర్చున్నరు. పొద్దంత కష్టం చేసిన మనిషికి దొరికేది ఆ ఒక్క గంట. వాళ్లను మేము తప్పుపట్టం. ఆ గంటను ఎవరు కొన్నరు, ఎవరికి అమ్ముకుంటున్నరు అన్నదే మా ప్రశ్న.

ఎక్కువ ఇండ్లల్ల మేము చూసింది స్టార్ మా. దాని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకోవాలె. ‘మా టీవీ’ 2002లో హైదరాబాదులో మొదలైంది. తెలుగోళ్ల డబ్బుతో, తెలుగు సినిమా పెద్దల వాటాలతో నడిచింది. 2015 ఫిబ్రవరిలో స్టార్ ఇండియా దాన్ని కొంటున్నట్టు ప్రకటించింది. మా టీవీతో పాటు మా మూవీస్, మా మ్యూజిక్, మా గోల్డ్ కూడా పోయినయి. 2017లో పేరు ముందర ‘స్టార్’ చేరింది.

మరి ఈ స్టార్ ఎవరిది? 1991లో హాంకాంగులో లీ కా షింగ్ అనే వ్యాపారి కుటుంబం మొదలుపెట్టింది. 1993లో రూపర్ట్ మర్డోక్ అందులో ఎక్కువ వాటా కొన్నడు. ఆస్ట్రేలియాలో పుట్టి, అమెరికా పౌరుడై, మూడు ఖండాల్లో పత్రికలు నడిపిన మనిషి. 2019 మార్చిలో ఆయన కంపెనీ ఆస్తుల్లో చాలా భాగం డిస్నీకి పోయినయి, వాటితో పాటు మన సీరియళ్లు కూడా పోయినయి. 2024 నవంబరులో డిస్నీ వాళ్లు, రిలయన్సు వాళ్లు కలిసి ఒక్కటైన్రు. ఆ ఉమ్మడి కంపెనీ విలువ 70,352 కోట్లని వాళ్లే ప్రకటించిన్రు. పెత్తనం రిలయన్సుది, డిస్నీ వాటా 36.84 శాతం.

ఊర్ల ఎకరం భూమి చేతులు మారితే పది మందికి తెలుస్తది. చెరువు వేలమైతే దండోరా వేస్తరు. ఇది ఇన్నిసార్లు చేతులు మారితే చూసేటోళ్లకు ఎవరు చాటిన్రు? తెర మీద రంగు మారింది, అంతే.

దండోరా మాట వచ్చింది గనక ఇంకొకటి చెప్తం. ఊర్ల ఏ వార్తయినా డప్పు మీద చాటింది మనమే. ప్రసారం అనే పని మనకు కొత్తది కాదు. డప్పు మనది, గొంతు మనది, చాటవలసిన మాట మాత్రం పటేలుది. ఇప్పుడు డప్పు కూడా పటేలు చేతికే పోయింది, అంతే తేడా.

ఇంత పెద్ద కంపెనీ ప్రతి భాషకు ఒక శాఖ పెట్టుకున్నది. తమిళానికి విజయ్, మలయాళానికి ఏషియానెట్, కన్నడానికి సువర్ణ, బెంగాలీకి జల్సా, మరాఠీకి ప్రవాహ్, తెలుగుకు మా. ‘మీ భాష, మీ కథ’ అన్నట్టు ఉంటది. కాని కథలు ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు పోతుంటయి. మీరందరు చూసిన ‘కార్తీకదీపం’ 2017లో మొదలైంది, 2023 దాకా నడిచింది. అది ఏషియానెట్ సీరియల్ ‘కరుత్తముత్తు’ను తెలుగులో తిరిగి తీసింది. తీయడం తప్పని మేము అనం, మంచి కథ ఏడికైనా పోవచ్చు. ఆ కథల నల్లగున్నదని ఒక ఆడపిల్ల పడే అవమానం ఉన్నది. మన ఆడవాళ్లు దాన్ని చూసి ఏడ్చిన్రంటే ఆ అవమానం వాళ్లకు తెలుసు గనకనే. అయితే ఒక సంగతి. నల్ల రంగు గురించి అంత కథ నడిచింది గదా, అందుల నల్లదనం ఒక పిల్ల దురదృష్టం, అత్త గుణం, మొగుని అనుమానం. మన పిల్లను బడిల వెనక కూర్చోబెట్టింది రంగా? పెండ్లిల వేరే బంతి వేసింది రంగా? రంగు పేరు తీస్తరు, కులం పేరు తీయరు. ఒక అక్కను మేము అడిగినం: “అక్కా, ఆ సీరియల్ల నీకేం కనబడలేదు?” చేతిల బీడీ చుట్టుకుంటనే చెప్పింది: “అంత పెద్ద ఇంట్ల అంట్లు ఎవరు తోముతరో ఎన్నడు చూపియ్యరు.” మేము పుస్తకాలు తిరగేసి కూడా ఇంత సూటిగా చెప్పలేకపోయినం.

ఇంకో లెక్క వినండి. 2015 దాకా టీవీ రేటింగులు పట్టణాలకే పరిమితం. పల్లెల ఎంతమంది చూసినా లెక్కల లేరు. ఆ ఏడు అక్టోబరు నుంచి బార్క్ అనే సంస్థ పల్లెలను కూడా లెక్కల చేర్చింది. సబ్బులు, షాంపూ పొట్లాలు అమ్మేటోళ్లకు మన వాడ అవసరమైంది. అంటరాని వాడ ఒక్కసారి మార్కెట్టయింది! మా టీవీ అమ్ముడుపోయింది కూడా అదే ఏడు. ఇది దానికి కారణమని మేము అంటలేం, పక్కపక్కన పెట్టి చూడండంటున్నం. పైగా చూసినందుకు పైసలు కూడా మనమే కడ్తున్నం. 2019ల వచ్చిన పద్ధతి ప్రకారం అప్పుడు వంద చానెళ్లకు 130 రూపాయలు, పన్నుతో కలిపి 153 పైచిలుకు ఉండె, పే చానెళ్లకు వేరే. వెయ్యి బీడీల కూలిల అది ఎంతో మీరే లెక్కగట్టుకోండి.

కామారెడ్డిల ఒక తమ్ముడు లేచి, “ఇప్పుడు టీవీ ఎవరు చూస్తున్నరే, అంతా ఫోన్ల గదా” అన్నడు. నిజమే తమ్మీ. 2025 ఫిబ్రవరిల వచ్చిన జియోహాట్‌స్టార్ ఎవరిదనుకున్నవ్? ఇదే కంపెనీది. నీ ఫోన్ల సిమ్ము జియోదైతే దారి వాళ్లదే, దారి మీద నడిచే బండి వాళ్లదే.

చట్టం ఏమంటదంటే, గాలిల తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిల చెప్పింది. ఆ ధర్మాసనంల మన తెలుగు జడ్జి బి.పి. జీవన్‌రెడ్డి గారు కూడా ఉన్నరు. గొప్ప తీర్పే. కాని మహాడ్ చెరువు కూడా కాయితం మీద అందరిదే. మునిసిపాలిటీ తీర్మానం చేసినంక కూడా 1927ల బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని పోతేగాని దోసెడు నీళ్లు తాగనియ్యలేదు. వార్తల చానెళ్లకు విదేశీ డబ్బు మీద సర్కారు హద్దు పెట్టింది, వినోదం చానెళ్లకు నూటికి నూరు వదిలిపెట్టింది. వార్త ప్రమాదమని వాళ్లకు తెలుసు, కథ ప్రమాదం కాదనుకున్నరు. మనను మాత్రం వేల ఏండ్ల నుంచి పండబెట్టింది కథలే గదా!

వార్తలల్ల మనం ఉన్నమా అంటే అక్కడ కూడా లేం. 1996ల బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీల ఒక్క దళిత జర్నలిస్టు కోసం వెతికి, దొరకలేదని పయనీర్ పత్రికల రాసిండు. 2019ల ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ లెక్క తీస్తే పెద్ద కుర్చీలు 121, అందుల 106 అగ్రకులాలవి, ఎస్సీ ఎస్టీలవి సున్న. మాకు తెలిసిన ఒక ఊర్ల మనవాళ్లను వెలివేస్తే ఒక చానెల్ కెమెరా వచ్చింది. ముసలమ్మను రెండుసార్లు ఏడిపిచ్చిన్రు, మొదటిసారి వెలుతురు సరిగ పడలేదట. రాత్రి చూస్తే ఏడుపు ఉన్నది, ‘వెలి’ అన్న మాట లేదు.

మరి ఏం చేద్దాం? టీవీలు పగులగొట్టుమని మేము చెప్పం. అట్ల చెప్పేటోళ్లను ఆడవాళ్లు నమ్మరు, నమ్మవద్దు కూడా. తిలక్ పెట్టిన కేసరి పత్రిక, పైసలిస్తమన్నా ‘మూక్‌నాయక్’ ప్రకటన వెయ్యలేదు. అయినా 1920 జనవరి 31న బాబాసాహెబ్ పత్రిక తీసిండు. హైదరాబాదుల భాగ్యరెడ్డివర్మ 1931ల పత్రిక పెట్టిండు. అంత దూరం ఎందుకు, మనకు దక్షిణాన జహీరాబాద్ దిక్కు పోయి చూడండి. మాచనూరుల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు 2008 నుంచి సొంత రేడియో నడిపిన్రు. కెమెరాలు పట్టుకుని సినిమాలు తీసిన్రు. పైనుంచి కిందికి చూసేటట్టు తీస్తే వాళ్లు దాన్ని ‘పటేల్ షాట్’ అంటరు. ఎదురుగ, కంటికి కన్ను సమానంగ ఉంటే ‘సంఘం షాట్’. ఏ కాలేజీల నేర్పిన్రు వాళ్లకు? గడీ ముందర నిలబడ్డ అనుభవమే నేర్పింది.

మేము పెద్ద పని చెప్పడం లేదు. వాడకొక నోటుబుక్కు ఇస్తున్నం. పదిహేను రోజులు చూసిందే చూస్తూ రాయండి. ఇంటి పనిమనిషికి పేరున్నదా? మన తెలంగాణ మాట ఎవరితో మాట్లాడించిన్రు, నవ్వులాటకా, బుద్ధి చెప్పే మనిషితోనా? బాబాసాహెబ్ ఫోటో ఏ గోడ మీదనన్న కనబడ్డదా? చదువురాని అక్కలు చెప్తుంటే పిల్లలు రాస్తరు. ఎల్లారెడ్డిల ఇప్పటికే ఆరుగురు అక్కలు బుక్కులు తీసుకున్నరు.

వచ్చే మీటింగు వేళ కూడా మార్చినం. ఏడింటికి కాదు, ఆదివారం పగలు, సీరియళ్లు లేని వేళల. జాగ కూడా టీవీ ఉన్న ఇంటి ముందరే. బీడీ చాటలు తెచ్చుకోవచ్చు.