బంజరు అనుటకు ముందు

(సికిందరాబాదులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మనము కూర్చున్న ఈ సికిందరాబాదు 1806వ సంవత్సరమున నిజాము సికందర్ జా పేర వెలసిన పట్టణము. అంతకు పూర్వము ఇచ్చటి నేల ఎట్లుండెనో తెలిసికొనవలెనన్నచో సమీపముననే ఉన్న మౌలాలి గుట్టను చూడవచ్చును. సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు బండలు, వాటి సందులలో పలుచని ఎర్రమట్టి, ఆ మట్టిలో తంగేడు, రేగు, బలుసు పొదలు, వానకాలమున గడ్డి. సంవత్సరమునకు సుమారు 80 సెంటీమీటర్ల వర్షము. అదియు చాలవరకు నాలుగైదు నెలలలోనే కురిసిపోవును. మీలో అనేకుల గ్రామములలో ఇట్టి నేల కలదు. లెక్కలలో దానికి వ్రాసిన పేరు 'బంజరు'. నేడు నేను మనవి చేయదలచినది ఆ ఒక్క మాటను గూర్చియే.

బంజరు అన్నది రెవిన్యూ వారి మాట. శిస్తు రాని నేల అని దాని అర్థము. ప్రకృతిలో అట్టి తరగతి లేదు. ప్రకృతి నేలను వర్షమును బట్టి, వేడిమిని బట్టి, మట్టి లోతును బట్టి విభజించినది. ఒక్కొక్క విధమగు నేలపై దానికి తగిన చెట్లు, గడ్డి, పశుపక్ష్యాదులు, మట్టిలోని కంటికి కనబడని సూక్ష్మజీవులు ఒకదానిపై ఒకటి ఆధారపడి బ్రతుకుచుండును. ఈ సమష్టి కుటుంబమునే శాస్త్రజ్ఞులు జీవావరణ వ్యవస్థ అందురు.

ప్రపంచమున ఇట్టివి ముఖ్యముగా నాలుగైదు విధములు. ఏడాది పొడవునా వాన కురియు అమెజాన్ ప్రాంతమున దట్టమైన సతతహరితారణ్యములు. ఒక ఋతువున మాత్రమే వాన కురియు చోట్ల ఆకురాల్చు అడవులు. అంతకన్న తక్కువ వర్షము గల చోట్ల, ఆఫ్రికాలో వలె, చెదురుమదురు చెట్లతో కూడిన గడ్డిమైదానములు. వర్షము మరీ తక్కువైనచో ఎడారులు. ధ్రువమునకు చేరువగా, నేల లోపలి పొరలు సదా గడ్డకట్టి ఉండు చోట చెట్టే లేని మంచు మైదానములు. ఈ చివరిది తప్ప తక్కిన వాటి పోలికలు కొంతకు కొంత మన తెలుగునాటనే కలవు.

మొదట తడి అడవి. తూర్పు కనుమలలో మారేడుమిల్లి వంటి చోట్ల వర్షము ఎక్కువ. చెట్లు ఎత్తుగా, దట్టముగా పెరుగును. తీగలు, వెదుళ్లు విస్తారము. వాగులు వేసవిలోను పారుచుండును.

రెండవది ఆకురాల్చు అడవి. నల్లమల, ఆదిలాబాదు అడవులు ఇట్టివి. టేకు, మద్ది, తునికి, ఇప్ప ఇందలి వృక్షములు. వేసవి రాగానే ఈ చెట్లు ఆకు రాల్చును. అది రోగము కాదు, నీటిని పొదుపు చేసికొను ఉపాయము. రాలిన ఆకు కుళ్లి మట్టికి ఎరువగును. ఇప్పపువ్వు, తునికాకు వేలాది కుటుంబములకు జీవనాధారము.

మూడవది ముళ్లపొదల అడవి. దీనినే మనవారు తరచు పనికిరాని నేల అనుకొందురు. కడప మండలమున జరిగిన ఒక సంగతి వినుడు. కలివికోడి అను పక్షి 1900 తరువాత ఎవరికంటను పడలేదు. అది అంతరించిపోయినదని పక్షిశాస్త్రజ్ఞులు భావించిరి. 1986వ సంవత్సరమున అచ్చటి పొదలలోనే అది మరల కనబడినది. దానిని ఎరిగి పట్టి చూపినవాడు ఆ ప్రాంతపు వేటగాడు. గ్రంథములకు అందని సంగతి గ్రామమునకు తెలిసియుండెను. ఆ పక్షి దట్టమైన అడవిలో బ్రతుకదు, బట్టబయట బ్రతుకదు. పొదకు పొదకు నడుమ ఖాళీ నేల ఉన్నగాని దానికి బ్రతుకుతెరువు లేదు. ఆ ఖాళీని మనము లోపమనుకొందుము. దానికి అదియే ఇల్లు.

నాల్గవది గడ్డినేల. కర్నూలు మండలమున రోళ్లపాడు వద్ద బట్టమేక పిట్ట కొరకు 1988లో అభయారణ్యము ఏర్పడినది. మనిషి నడుము ఎత్తు ఉండి, ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వాటిలో చేరిన ఈ పిట్ట నేలమీదనే గ్రుడ్డు పెట్టును. నాలుగు వైపుల దూరము కనబడు గడ్డినేల దానికి కావలెను. చుట్టుపట్ల మేతభూములు సేద్యములోనికి మారిపోగా నేడు అచ్చట అది కనబడుటయే అరుదైనది. కృష్ణజింక, నక్క, కౌజు కూడ గడ్డినేల సంతానమే. మన దక్కను గొర్రెలును, వాటి ఉన్నితో నేసిన గొంగళియు ఈ నేల పెట్టిన భిక్షయే.

ఐదవది మెట్టసీమ. అనంతపురమున సగటు వర్షము 55 సెంటీమీటర్ల ప్రాంతము. హగరి నది వెంబడి ఇసుకదిబ్బలు గాలికి కదలి పొలముల మీదికి వచ్చును. అట్టి చోట ఇసుకను పట్టి ఉంచు గడ్డిని, పొదను తొలగించిన గ్రామము తన పొలమును తానే పోగొట్టుకొన్నట్లగును. ఇక భూమికి సముద్రమునకు నడుమ, గోదావరి ముఖద్వారమున కోరింగ మడ అడవులు కలవు. వాటి కథ వేరు.

ఇప్పుడు అసలు విషయము. జాతీయ దూరసంవేదన సంస్థ సహకారముతో 2000వ సంవత్సరమున వెలువడిన భారత బంజరు భూముల పటములలో పొదలు గల నేలలు కూడ ఒక తరగతిగా చేర్చబడినవి. ఒకమారు బంజరు అన్న పేరు పడినదా, పంచాయతీకి రెండే ఆలోచనలు తోచును: ఎవరికైన ఇచ్చివేయుట, లేదా గుంటలు త్రవ్వి వరుసగా చెట్లు నాటుట. చెట్టు మంచిదే. చెరువుగట్టున, బాటకు ఇరువైపుల, పాఠశాల ఆవరణలో, అడవి నరికిన చోట చెట్టు నాటుట పుణ్యకార్యము. కాని గడ్డినేలపై దట్టముగా నీలగిరి నాటినచో నీడ పడి గడ్డి చచ్చును. గడ్డి తన బలమును వేళ్లలో దాచుకొనును. అందువలన పశువు మేసినను, వేసవిలో ఎండినను, తొలకరికి మరల చిగురించును. ఆ వేళ్లు మట్టిని పట్టి, వాననీటిని లోనికి దింపును. ఆ పని అంతయు ఆగిపోవును. గొర్రెల మంద పొరుగూరికి పోవలసి వచ్చును.

పరాయి మొక్క చేయు హాని మీరు ఎరుగనిది కాదు. సర్కారు తుమ్మ అమెరికా ఖండము నుండి 1877 ప్రాంతమున కడప సీమకు తేబడినది. వంటచెరకు లేని చోట మేలు చేయునని తలచిరి. చేసినది కూడ. కాని నేడు అది ఎన్ని చెరువు శిఖములను, ఎన్ని బంచరాయి భూములను ఆక్రమించినదో మీ కన్నులే సాక్షి.

కనుక మీరు చేయదగినది చెప్పెదను. ఉమ్మడి నేల మీద ఏ తీర్మానము చేయుటకైనను ముందు ఒకనాడు వానకాలమున, ఒకనాడు వేసవిలో ఆ నేలపై నడువుడు. మీ వెంట గొర్రెలకాపరిని, వంటచెరకు తెచ్చు ఆడువారిని, మందుమొక్కలు ఎరిగిన వృద్ధుని పిలుచుకొనుడు. ఏ గడ్డి, ఏ పొద, ఏ పిట్ట, ఎవరికి ఏ ఉపయోగము, ఇవి వ్రాసికొనుడు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య నిర్వహణ సంఘమును ఏర్పరచవలెనని చెప్పుచున్నది. ఆ సంఘము తయారుచేయవలసిన ప్రజా జీవవైవిధ్య పట్టికకు మీ వ్రాతయే మొదటి పుట కాగలదు. ఉమ్మడి భూములను అన్యాక్రాంతము కానీయరాదని 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున స్పష్టముగా తీర్పు చెప్పినది. ఆ బలము మీకు కలదు.

ఇండ్లస్థలము అడుగు పేదవాడు, మేత అడుగు కాపరి, ఇద్దరును మీ గ్రామస్థులే. ఇద్దరికిని న్యాయము చేయుట సులభమని నేను చెప్పను. కాని ఆ నేల ఎవరికిని పనికిరానిదను మాటతో విచారణ ఆరంభమైనచో, కాపరి పక్షము వినక మునుపే తీర్పు జరిగిపోయినట్లు. గడ్డినేల ఒకమారు చెడినచో మరల కుదురుకొనుటకు చాల కాలము పట్టును. నడచి చూచుటకు రెండు దినములు చాలును. ఆ రెండు దినములు వెచ్చించుడని మిమ్ములను కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.