టెంటర్‌ఫీల్డ్ ప్లీడరు
(స్మారకోపన్యాసం)



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ పెద్దాయన జీవితమంతా ముద్దాయిల పక్షాన నిలబడ్డారు. ఆయన గొప్పతనం చెప్పడానికి నాకన్నా అర్హులు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. కాబట్టి అదే కోవకు చెందిన మరో ప్లీడరు సంగతి చెబుతాను. పేరు జేమ్స్ ఫ్రాన్సిస్ థామస్. ఊరు ఆస్ట్రేలియాలో, న్యూసౌత్‌వేల్స్ ఉత్తర సరిహద్దు దగ్గరి టెంటర్‌ఫీల్డ్. వలస రాజ్యాలన్నీ కలిసి ఒకే దేశం కావాలని 1889లో హెన్రీ పార్క్స్ ప్రసంగించిన ఊరది.

థామస్ అక్కడ సొలిసిటరు. దస్తావేజులు, వీలునామాలు, భూమి తగాదాలు చూసుకునేవాడు. ఊరి పత్రిక కూడా ఆయనదే. వీటితోపాటు పౌరసైన్యంలో అధికారి. సైన్యం ఆయనకు బతుకుతెరువు కాదు, పిలుపొస్తే ఆఫీసుకు తాళం వేసి గుర్రమెక్కే బాపతు. దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లకూ డచ్ సంతతి బోయర్లకూ మధ్య బోయర్ యుద్ధం వచ్చింది, బ్రిటిష్ పక్షాన వెళ్లాడు. 1900 ఆగస్టులో ఎలాండ్స్ నది దగ్గర సుమారు 500 మంది, తమకు ఎన్నో రెట్లున్న బోయర్ల ఫిరంగులకు ఎదురొడ్డి రెండు వారాల దాకా లొంగకుండా నిలిచారు. అందులో న్యూసౌత్‌వేల్స్ దళానికి నాయకుడు థామసే.

అన్నట్టు, ఆ యుద్ధంలోనే మనకు బాగా తెలిసిన లాయరు ఒకాయన ఉన్నాడు. నాటల్‌లో ప్రాక్టీసు చేస్తున్న గాంధీ దాదాపు 1,100 మంది భారతీయులను కూడగట్టి క్షతగాత్రులను మోయించాడు. వాళ్లలో ఎక్కువమంది ఒప్పందపు కూలీలు. మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లు, తమిళులు పనిచేసిన నాటల్ అది.

ఇక కేసు సంగతి. 1902 జనవరిలో పీటర్స్‌బర్గ్‌లో కోర్టు మార్షల్ మొదలైంది. బుష్‌వెల్ట్ కార్బినీర్స్ అనే దళానికి చెందిన మొరాంట్, హ్యాండ్‌కాక్, విట్టన్ అనే అధికారులు లొంగిపోయిన బోయర్లను కాల్చి చంపారన్నది అభియోగం. థామస్ వచ్చింది మేజర్ లెనహాన్ అనే మరో అధికారి కోసం. తీరా వచ్చాక, మిగతావాళ్లకు లాయరే లేడని తెలిసింది. అందరి తరఫునా తానే నిలబడతానన్నాడు. విచారణ మర్నాడే. నెలల తరబడి జైల్లో ఉన్న ముద్దాయిలతో మాట్లాడటానికి ఆయనకు దొరికింది ఒక్క రోజు! పైగా హత్య కేసుల్లో నలిగినవాడూ కాదు.

అయినా గట్టిగా వాదించాడు. ఖైదీలను పట్టుకోవద్దన్న ఆదేశం పైనుంచి వచ్చిందని తమ పైఅధికారి కెప్టెన్ హంట్ చెప్పినట్టు ముద్దాయిలు అన్నారు. హంట్ అప్పటికే చనిపోయాడు. సర్వసేనాని కిచెనర్ కార్యాలయం నుంచి కర్నల్ హామిల్టన్ వచ్చి, అలాంటి ఆదేశమేదీ లేదని సాక్ష్యమిచ్చాడు. విచారణ నడుస్తుండగానే బోయర్లు ఊరిమీద పడ్డారు. ముద్దాయిల చేతికే తుపాకులిచ్చి పోరాడించారు. అయినా ఆ సేవ వాళ్లను కాపాడలేదు.  ఒక మిషనరీని చంపారన్న కేసులో మొరాంట్, హ్యాండ్‌కాక్ నిర్దోషులుగా బయటపడ్డారు, మిగతావాటిలో దోషులని తేలారు. దయ చూపాలని కోర్టే సిఫారసు చేసినా, ఫిబ్రవరి 27న ప్రిటోరియాలో మొరాంట్‌ను, హ్యాండ్‌కాక్‌ను కాల్చేశారు. విట్టన్‌కు యావజ్జీవం. శిక్ష సంగతి తెలిసింది ముందురోజే. రాజుకు విన్నవించుకునే వ్యవధి కావాలని థామస్ పరుగులు తీశాడు. కిచెనర్ ఊళ్లో లేడన్నారు.

ఈ కేసు మీద 1980లో వచ్చిన సినిమా చూసినవాళ్లు ఆ ముద్దాయిలను వీరులంటారు. నేను ఒప్పుకోను. వాళ్లు చంపినవారిలో విస్సర్ అనే గాయపడ్డ ఖైదీ ఉన్నాడు. వాళ్లపై ఇచ్చిన ఫిర్యాదు మీద సంతకాలు పెట్టింది శత్రువులు కాదు, అదే దళానికి చెందిన 15 మంది. పైఅధికారి చెప్పాడన్న సాకు హత్యను కడిగేయదని న్యూరెంబర్గ్ విచారణల తర్వాత ప్రపంచమంతా ఒప్పుకుంది. కానీ కక్షిదారు నిర్దోషి అయితేనే లాయరు గొప్పవాడా? తాను ఏ సైన్యం యూనిఫారం వేసుకున్నాడో ఆ సైన్యాన్నే థామస్ నిలదీశాడు. అడిగింది న్యాయమైన విచారణ, అప్పీలు. ఆ రెండూ హంతకుడికి కూడా చెందేవే.

ఆ కేసు నుంచి ఆయన తేరుకోలేదు. అప్పుల్లో పడ్డాడు, జైలుకెళ్లాడు, 1942లో పోయాడు. ఆస్ట్రేలియా మాత్రం 1903 రక్షణ చట్టంలో సైనికుల మరణశిక్షను ద్రోహం, తిరుగుబాటు లాంటి కొద్ది నేరాలకే పరిమితం చేసి, గవర్నర్ జనరల్ ఆమోదం ఉండాలంది. దీనికి ఈ కేసొక్కటే కారణమని నేననను.

ఇదంతా ఎక్కడో, ఎప్పుడో జరిగిందనుకోకండి. మధ్యప్రదేశ్‌లో అనోఖీలాల్ కేసులో లీగల్ ఎయిడ్ లాయరును పెట్టిన రోజే అభియోగాలు నమోదు చేశారు. రెండు వారాల్లోపే మరణశిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, మళ్లీ విచారించమంది. యావజ్జీవమో, మరణశిక్షో పడే కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉన్న లాయరును పెట్టాలనీ, సిద్ధం కావడానికి మామూలుగా ఏడు రోజులైనా ఇవ్వాలనీ చెప్పింది.

జూనియర్లకు నా విన్నపం ఒక్కటే. పొద్దున కాగితాలు చేతిలో పెట్టి మధ్యాహ్నం సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయమంటే, ఆ తీర్పు ముందుపెట్టి వాయిదా అడగండి. జడ్జిగారు విసుక్కున్నా సరే, అడగండి.