ఫోను మొరాయిస్తే



ఎద్దు మొరాయిస్తే రైతు ఏం చేస్తాడు? వెంటనే సంతకు తోలుకుపోడు గదా. కాడి చూస్తాడు. మెడ చూస్తాడు. గిట్టలో ముల్లు దిగిందేమో చూస్తాడు. ఫోను మొరాయించినా ముందు చేయాల్సింది అదే.

ఒక ఊళ్ళో పొదుపు సంఘం అక్క ఉంది అనుకుందాం. బజారులో కూరగాయలు అమ్ముతుంది. సగం డబ్బు చేతికి వస్తుంది, సగం ఫోనుకు వస్తుంది. ఒకనాడు ఫోను తెర మీద వేలు పెడితే కదలదు. ఫొటో తీయబోతే తీయదు. తెర మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఆమె వాటిని పక్కకు తోసేసింది. రిపేరు షాపుకు పోతే, “ఫోనులో ఉన్నదంతా చెరిపేయాలమ్మా, మూడు వందలు” అన్నారు. షాపువాళ్ళంతా మోసగాళ్ళని కాదు. కానీ అంతా చెరిపేస్తే మనవడి ఫొటోలు, బాకీదారుల నంబర్లు కూడా పోతాయి గదా! ఆమె ఫోను వెనక్కి తెచ్చుకుంది.

పక్కింటి పిల్ల ఫోను చూసింది. సెట్టింగ్స్‌లో భాష అనే చోట తెలుగు పెట్టింది. “అత్తా, ఇప్పుడు నువ్వే చదువు” అంది. అక్క కూడబలుక్కుని చదివింది. ఫోనులో చోటు నిండిపోయిందట! నాలుగు రోజులుగా ఫోను చెబుతున్నది ఆ మాటే.

చోటు అంటే ఏమిటి? వంటింట్లో అటక ఉంటుంది, పొయ్యి గట్టు ఉంటుంది. సామాను అటక మీద దాస్తారు. వంట గట్టు మీద చేస్తారు. ఫోనులోనూ అట్లాగే రెండు చోట్లు ఉన్నాయి. గట్టు మీద గిన్నెలు పేరుకుంటే పని నెమ్మదిస్తుంది. ఫోను ఆపి మళ్ళీ వేస్తే, అంటే రీస్టార్ట్ చేస్తే, గట్టు ఖాళీ అవుతుంది. అటక మీది సామాను ఎక్కడికీ పోదు. సగంలో ఉన్న పని మాత్రం పోవచ్చు. కంప్యూటరు బిగుసుకుపోయినా మొదటి మందు ఇదే.

అక్క ఫోనులో నిండింది అటక. తెరిచి చూస్తే ఏముంది? వాట్సాప్‌లో వచ్చిన శుభోదయం పువ్వులు, పండగ వీడియోలు, ఒకే దేవుడి బొమ్మ పదిసార్లు! కావలసినవి ఉంచి మిగతావి తీసేసింది. తీసేసినవి కొన్నాళ్ళు చెత్తబుట్టలో ఉంటాయి. దాన్ని కూడా ఖాళీ చేశాకే చోటు వచ్చింది.

కొన్నిసార్లు చోటున్నా యాప్‌లు తెరుచుకోవు. అప్పుడు ఫోనులో తేదీ, టైము సరిగా ఉన్నాయో లేదో చూడాలి. సిగ్నల్ రాకపోతే విమానం బొమ్మ ఒకసారి నొక్కి, మళ్ళీ తీసేయాలి.

ఫోను బాగుపడింది. వారం తిరక్కుండా ఇంకో చిక్కు వచ్చింది. టోకు వ్యాపారికి 2,000 రూపాయలు పంపితే ఖాతాలో తగ్గాయి, ఆయనకు చేరలేదు. ఎవరో ఇంటర్నెట్‌లో వెతికి “కస్టమర్ కేర్” నంబరు ఇచ్చారు. అవతలివాడు తియ్యగా మాట్లాడాడు. “పిన్ నొక్కమ్మా, డబ్బు వెనక్కి వస్తుంది” అన్నాడు. అక్క నొక్కబోయి ఆగింది. తెర మీద తెలుగులో “చెల్లించండి” అని ఉంది. రావలసిన డబ్బుకు చెల్లించడం ఏమిటి? ఫోను పెట్టేసింది.

యూపీఐ పిన్ డబ్బు పంపడానికి. రావడానికి అక్కర లేదు. ఇంటర్నెట్‌లో మోసగాళ్ళు కూడా తమ నంబర్లు పెట్టుకుంటారు. వాళ్ళు చెప్పిన యాప్ వేసుకుంటే ఇక్కడి తెర అక్కడ కనబడవచ్చు. బ్యాంకు నంబరు పాసుపుస్తకం మీదనో, కార్డు వెనకనో చూసుకోవాలి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. మోసగాడు ఆ డబ్బు తీసుకోకముందే ఆపాలి గదా! అందుకే ఆలస్యం పనికిరాదు.

మరి అక్క 2,000 సంగతి? దానికి రిజర్వు బ్యాంకు 2019లో లెక్క పెట్టింది. యూపీఐలో మనిషికి పంపిన డబ్బు చేరకపోతే మరునాటికల్లా తిరిగి రావాలి. వ్యాపారికి కట్టినదైతే ఐదు రోజుల్లోపు రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. అక్కకు మూడో రోజు డబ్బు ఖాతాలో పడింది.

ఆ సాయంత్రమే ఆమె పాసుపుస్తకం చూసి, బ్యాంకు నంబరు సంఘం పుస్తకం మొదటి పేజీలో రాసింది. కింద 1930 కూడా రాసింది. అంకెలు కాస్త వంకరగానే ఉన్నాయి.