మన నెత్తుటిలోని ఇనుము, రాగి

పల్లెటూరి రైతు ఇంటి వసారాలో రెండు పొట్లములు తరచుగా కనిపించును. ఒకదానిలో లేత ఆకుపచ్చని అన్నభేది, మఱియొకదానిలో నెమలికంఠపు రంగు గల మైలుతుత్తము. మొదటిది ఇనుముయొక్క లవణము, రెండవది రాగి లవణము. మైలుతుత్తమును సున్నముతో కలిపి తమలపాకు తోటలలో తెగుళ్లకు వాడుదురు. మెట్ట వరినారు గాని వేరుసెనగ గాని తెల్లబారినపుడు అన్నభేదిని నీటిలో కరగించి చల్లుదురు. అట్లు చల్లునపుడు అనుభవము గల రైతు అందులో కొంచెము నిమ్మఉప్పు కూడ వేయును. ఎందుకని అడిగినచో, "అది లేనిదే మందు పట్టదు" అనును. ఈ రాత్రి నేను చెప్పదలచిన దానిలో సగము ఆ చిటికెడు నిమ్మఉప్పులోనే ఉన్నది.

తెల్లబారిన ఆ చేలో ఇనుము లేదనుకొనుట పొరపాటు. భూమి పైపొర తూకములో నూటికి సుమారు అయిదు వంతులు ఇనుమే. కాని అది తుప్పు రూపములో ఉన్నది. తుప్పు నీటిలో కరగదు. కరగనిది వేరునకు అందదు. సున్నపు పాలు హెచ్చుగా గల నేలలో ఈ చిక్కు మఱింత ఎక్కువ.

ఇది సృష్ట్యాదినుండి ఉన్న ఇబ్బంది కాదు. సుమారు 240 కోట్ల సంవత్సరములకు పూర్వము గాలిలో ప్రాణవాయువు లేదనియే చెప్పవచ్చును. నాటి సముద్రములలో ఇనుము కరగియుండి, జీవులకు సులభముగా దొరకుచుండెను. రాగి మాత్రము గంధకముతో పెనవేసుకొని రాళ్లలో బిగిసియుండెను. పిమ్మట ప్రాణవాయువు గాలిలో నిండగా ఈ రెండు లోహముల జాతకములును తారుమారైనవి. ఇనుము తుప్పుపట్టి అడుగునకు దిగెను. రాగి విడివడి నీటిలోనికి వచ్చెను. కాని అప్పటికే ఇనుముతో కాపురమునకు అలవాటుపడిన జీవులు దానిని వదలుకొనలేకపోయినవి. రొయ్య, పీత వంటి కొన్ని ప్రాణులు మాత్రము ప్రాణవాయువును మోయుటకు నెత్తుటిలో రాగినే పెట్టుకొన్నవి. వాని నెత్తురు గాలి తగిలినపుడు నీలిరంగునకు తిరుగును. అది ఎఱ్ఱగా ఉండకపోవుటచేతనే కాబోలు, రొయ్యకు నెత్తురే లేదని మన వంటయిండ్లలో అనుకొందురు.

అందని ఇనుమును అందుకొనుటకు జీవులు పడిన పాట్లు అన్నియిన్ని కావు. వేరుసెనగ వంటి మొక్క తన వేరు చుట్టునున్న మట్టిని పులుపెక్కించి, తుప్పును కరగు రూపమునకు మార్చుకొనును. ఓట్సు, వరి వేళ్లు ఇనుమును పట్టితెచ్చు ఒక పదార్థమును మట్టిలోనికి స్రవింపజేయునని 1976లో తకాగి అను జపాను శాస్త్రజ్ఞుడు తెలిపెను. మట్టిలోని సూక్ష్మజీవులు ఈ విద్యలో ఇంకను గట్టివి. అవి పటకారు వంటి అణువులను వెలుపలికి పంపి, ఆ పటకారు ఇనుమును కఱచి పట్టుకొన్న పిమ్మట దానిని లోనికి లాగుకొనును. ఈ పటకారును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. చివర దానితో పని ఉన్నది.

ఇక మన శరీరము సంగతి. పెద్దవారి ఒంటిలో మొత్తము మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉండును. ఒక మేకు చేయుటకు అది చాలును. అందులో మూడింట రెండు వంతులు ఎఱ్ఱకణములలోని హిమోగ్లోబినులో చేరి, ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును మోయుచుండును. ఒక్కొక్క ఎఱ్ఱకణము ఆయువు సుమారు 120 దినములు. ముదిసిన కణములను ప్లీహములోను, కాలేయములోను గల భక్షక కణములు మింగి, వానిలోని ఇనుమును వెలికితీసి మరల ఎముకల మూలుగకు పంపును. పాత ఇంటి ఇటుకలతోనే కొత్త ఇల్లు కట్టినట్లు, దినమునకు 20 నుండి 25 మిల్లీగ్రాముల ఇనుము ఇట్లు చేతులు మారుచుండును. ఆహారమునుండి కొత్తగా వచ్చి చేరునది ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే.

ఇంత పిసినారితనము ఎందుకు? ఇనుమునకు మన ఒంటినుండి బయటకు పోవు దారి లేకుండుటయే దీనికి కారణము. ఉప్పు హెచ్చైనచో మూత్రపిండములు దానిని తోసివేయును. ఇనుమునకు అట్టి ఏర్పాటు లేదు. 1937లో మెకాన్స్, ఎల్సీ విడోసన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులిరువురు ఈ విషయమును లోకమునకు చెప్పిరి. శరీరములోని ఇనుము పాళ్లు నిర్ణయమగుట విసర్జనచేత కాదు, గ్రహించుటచేత. చర్మము, ప్రేవుల పొరలు రాలునపుడు పోవు కొద్దిపాటి ఇనుము, నెత్తురు కారినపుడు పోవు ఇనుము తప్ప వేరు వ్యయము లేదు. అట్లని ఒంటిలో చేరిన ఇనుమును విడిగా తిరుగనిచ్చుట కూడ ప్రమాదమే. విడి ఇనుము జీవకణములలో పుట్టు పెరాక్సైడును తాకి, చుట్టునున్న దానినెల్ల కాల్చివేయు పదార్థములను పుట్టించును. అందువలన నెత్తుటిలో దానిని ట్రాన్స్‌ఫెరిన్ అను మాంసకృత్తు చేయి పట్టుకొని నడిపించును. నిలవ ఇనుమునకు ఫెరిటిన్ అను గాదె ఉన్నది. ఒక్కొక్క గాదెలో 4500 పరమాణువుల వరకు పట్టును.

బయటకు దారి లేనపుడు కాపలా అంతయు వాకిటనే ఉండవలెను గదా. ఆ వాకిలి చిన్నప్రేవుల మొదటి భాగములో ఉన్నది. అన్నములోని ఇనుము మొదట ప్రేవు గోడలోని కణములోనికి వచ్చును. అది ఇంకను వసారాలోనికి వచ్చినట్లే, ఇంటిలోనికి రాలేదు. నెత్తుటివైపు మఱియొక తలుపు తెరచుకొనవలెను. ఈ తలుపును 2000 సంవత్సరములో కనుగొని ఫెర్రోపోర్టిన్ అని పేరు పెట్టిరి. దానిపై అధికారము కాలేయమునకు ఉన్నది. నిలవలు చాలినంత ఉన్నచో కాలేయము హెప్సిడిన్ అను చిన్న తాఖీదును నెత్తుటిలో పంపును. ఆ తాఖీదు అందిన తలుపు మూసుకొనుట కాదు, కణము దానినే ఊడబెరికి నాశనము చేసికొనును! వసారాలో చిక్కిన ఇనుము, ఆ కణము కొద్ది దినములలో రాలిపోవునపుడు దానితోపాటే మలములో కలిసిపోవును. ఒంటిలో ఇనుము తగ్గినపుడు తాఖీదులు తగ్గి తలుపులు హెచ్చును. అంటువ్యాధి వచ్చినపుడు మాత్రము కాలేయము తాఖీదులను గుప్పించును. మన ఇనుమునకు ఆశపడు సూక్ష్మజీవులను పస్తు పెట్టుటకు ఇది ఉపాయము. దీర్ఘకాలము జ్వరపడినవారు తెల్లబారుటకును, ఆ సమయమున ఇనుప టానిక్కులు అంతగా పనిచేయకుండుటకును ఇదియొక కారణము.

రాగికి ఇందులో పాత్ర ఏమనగా, ఆ తలుపు దాటిన ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ పట్టుకొనుటకు వీలైన రూపములోనికి మార్చునది రాగిని ధరించిన మాంసకృత్తే. ఒంటిలోని రాగి మొత్తము సుమారు 100 మిల్లీగ్రాములు, చిటికెడు కూడ కాదు. ఆ కొంచెము లేకున్న ఇనుము కదలదు. ఈ సంగతి 1928లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో బయటపడినది. హార్ట్, స్టీన్‌బాక్, వాడెల్, ఎల్వేజెం అనువారు ఎలుకలను పాలపైననే పెంచగా వానికి పాండురోగము వచ్చెను. (పాలను అమృతమనుట మనకు అలవాటు గాని, పాలలో ఇనుము చాల తక్కువ.) శుద్ధమైన ఇనుప లవణము ఇచ్చినను అవి కోలుకొనలేదు. కాలేయమును కాల్చిన బూడిద చేర్చి ఇచ్చినచో కోలుకొనెను. బూడిదలో ప్రాణము గల పదార్థమేదియు మిగులదు కనుక అది లోహమే కావలెను. వెదకి చూడగా అది రాగి. రాగిని ధరించిన నీలిరంగు మాంసకృత్తును 1948లో స్వీడనులో హోమ్‌బెర్గ్, లారెల్ మన నెత్తుటినుండియే వేరుచేసిరి. ప్రేవు తలుపువద్దనే నిలిచి పనిచేయు దాని బంధువునకు 1999లో గ్రీకుల కమ్మరి దేవుని పేరు పెట్టి హెఫెస్టిన్ అనిరి. శాస్త్రజ్ఞుల నామకరణములలో ఇంత చక్కనివి అరుదు.

ఇనుమునకు లేని బయటి దారి రాగికి ఉన్నది. అధికమైన రాగిని కాలేయము పిత్తరసములో కలిపి ప్రేవులలోనికి వదలును. పుట్టుకతో ఈ దారి మూసుకొనిపోయిన వారికి కాలేయములోను, మెదడులోను రాగి పేరుకొనును. 1912లో వర్ణించిన వైద్యుని పేరిట దానిని విల్సన్ వ్యాధి యందురు. మన ఇండ్లకు దగ్గరి ఉదాహరణము ఇంకొకటి ఉన్నది. ఒకప్పుడు మన దేశములో పసిపిల్లల కాలేయమును గట్టిపరచి ప్రాణము తీయు వ్యాధి ఒకటి ఉండెను. ఆ పిల్లల కాలేయములలో రాగి విపరీతముగా కనబడెను. కళాయి లేని ఇత్తడి గిన్నెలలో కాచిన పాలు పోయుట దీనికి కారణము కావచ్చునని 1983లో పరిశోధకులు ప్రకటించిరి. ఆ గిన్నెలు పోయి స్టీలు గిన్నెలు వచ్చినప్పటినుండి ఆ వ్యాధియు మిక్కిలి అరుదైనది. వీధిలో కళాయివాని కేక వినబడగానే గిన్నెలన్నియు వాకిట పేర్చిన మన నాయనమ్మలకు ఈ శాస్త్రము తెలియదు. పులుపు చిలుమెక్కునని మాత్రము తెలియును.

మరల ఇనుము వద్దకు వత్తము. పురుషునికి దినమునకు ఒక మిల్లీగ్రాము చాలును. ఒక మిల్లీలీటరు నెత్తుటిలో అర మిల్లీగ్రాము ఇనుము ఉండును కనుక నెలనెల నెత్తురు పోవు స్త్రీకి అంతకంటె ఎక్కువ కావలెను. ఒక గర్భము నిలిచి ప్రసవమగువఱకు సుమారు ఒక గ్రాము ఇనుము ఖర్చగును. అనగా తల్లి ఒంటిలోని మొత్తము ఇనుములో నాలుగవ వంతుకు పైగా! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది. ఇందులో అంతయు ఇనుము లోపమే కాదు గాని, పెద్దపాలు దానిదే. ఆకుకూర తినుచున్నాము గదా యందురు. కూరలోను, గింజలోను ఇనుమున్నను, అక్కడనే ఉన్న ఇతర పదార్థములు దానిని పట్టి ఉంచును. వాకిటికి అందునది స్వల్పము. అన్నములో పిండిన నిమ్మరసము, ఒక ఉసిరికాయ ముక్క ఆ పట్టును సడలించి ఇనుమును కరగు రూపములో నిలుపును. రైతు అన్నభేదిలో వేయు నిమ్మఉప్పు చేయు పనియు ఇటువంటిదే. భోజనము కాగానే త్రాగు టీ దీనికి సరిగా వ్యతిరేకము.

ఇనుప మాత్రల విషయములో మఱియొక సంగతి. ఒక మాత్ర మ్రింగగానే కాలేయము తాఖీదు పంపును. అది సుమారు ఒక దినము పనిచేయును. అందుచేత దినము విడిచి దినము వేసికొన్నచో ఒక్కొక్క మాత్రనుండి ఎక్కువ ఇనుము ఒంటబట్టునని 2017లో ప్రకటించిన ఒక పరిశీలనలో తేలినది. గర్భిణులు మాత్రము తమ వైద్యులు చెప్పినట్లే నడచుకొనవలెను. ఆ మాత్రలో ఇనుముతోపాటు ఉండు ఫోలిక్ ఆమ్లమును అమెరికాలో తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఈ మాత్రలు పిల్లలకు అందని ఎత్తులో ఉంచవలెను. ఎఱ్ఱని మాత్రలను మిఠాయి యనుకొని పసివాడు గుప్పెడు మ్రింగినచో వాకిటి కాపలా ఆ వరదకు ఆగదు. లోన జొరబడినది బయటకు పోజాలదు. ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. అచ్చట సూదిమందుగా ఇచ్చు డెస్‌ఫెర్రియాక్సమిన్, మట్టిలోని ఒక సూక్ష్మజీవి ఇనుమును పట్టుటకు తయారుచేసికొను పటకారే. అది నెత్తుటిలో విడిగా తిరుగు ఇనుమును కఱచి పట్టుకొని, మూత్రములో ఎఱ్ఱజీరతో వెలుపలికి తెచ్చును.