చెరలో ఉన్నవారికి వచ్చిన ఉత్తరం

  రేడియో దగ్గర కూర్చున్నవారు, వంట చేసుకుంటూ వింటున్నవారు, మంచం పట్టి వింటున్నవారు, బైబిలు అందుబాటులో ఉంటే యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం తీయండి.

ఈ అధ్యాయంలోని 11వ వచనం మనలో చాలామందికి కంఠస్థమే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచినప్పుడు ఎవరో ఒకరి చేతికి అది రాక మానదు. క్యాలెండర్ల మీద చూస్తాం, శుభలేఖల మీద చూస్తాం, ఆటోల వెనుక కూడా చూస్తాం. దేవుడు మన విషయంలో తలపెట్టింది కీడు కాదు, మేలే అని చెప్పే మాట అది. ఎంతో ఆదరణ గల మాట. అయితే ఆ మాట మొదట కార్డుగా రాలేదు, ఉత్తరంగా వచ్చింది. ఉత్తరమంతా పక్కన పెట్టి నడిమి వాక్యం ఒక్కటే కత్తిరించి దాచుకుంటే, రాసినవాడు ఏమి చెప్పాడో మనకు తెలుస్తుందా?

ఆ ఉత్తరం ఎవరికి రాశారో చూడండి. క్రీ.పూ. 597లో బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేమును పట్టుకొని, యెహోయాకీను రాజును, అతని తల్లిని, అధికారులను, చేతిపనులవారిని, కమ్మరులను చెరగొనిపోయాడు. ఊరికి పనికొచ్చే వాళ్లనందరినీ ఏరుకొని తీసుకుపోయాడన్నమాట. ఎంత దూరం? ఎన్నో ఏళ్ల తరువాత ఎజ్రా బబులోను నుండి యెరూషలేముకు వచ్చినప్పుడు నాలుగు నెలలు ప్రయాణం చేశాడని బైబిలు చెబుతుంది. అంత దూరాన, భాష తెలియని చోట కూర్చున్నవారికి ఒకటే ప్రశ్న: ఇంటికి ఎప్పుడు వెళ్తాం?

దానికి హనన్యా అనే ప్రవక్త చక్కని జవాబిచ్చాడు. రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారన్నాడు. దేవాలయంలో అందరి ముందు యిర్మీయా మెడ మీది కాడిని విరిచి మరీ చెప్పాడు. 28వ అధ్యాయం చదవండి. యిర్మీయా ముందుగా ఏమన్నాడో గమనించారా? ఆమేన్, అలాగే జరగాలని నేనూ కోరుతున్నానన్నాడు. ఆయనకు మాత్రం తన ప్రజలు తిరిగి రావాలని ఉండదా! కానీ దేవుడు చెప్పనిది చెప్పడానికి ఆయన నోరు రాలేదు. ఈ నెలలో వీసా, వచ్చే నెలలో ఉద్యోగం, ఈ సంవత్సరం సొంత ఇల్లు అని తేదీలు వేసి ప్రవచించేవారు మన మధ్య కూడా ఉన్నారు. వారి సభలకు జనం బాగానే వస్తారు. హనన్యాకూ వచ్చే ఉంటారు.

యిర్మీయా రాసిన ఉత్తరాన్ని ఎల్యాశా, గెమర్యా అనే ఇద్దరు రాజోద్యోగులు బబులోనుకు తీసుకువెళ్లారు. అందులో దేవుడు చెప్పిన మొదటి సంగతి ఏమిటంటే: ఇళ్లు కట్టుకోండి. తోటలు వేసి వాటి పండ్లు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి, ఆ పిల్లలకూ పెళ్లిళ్లు చేయండి. మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థన చేయండి. డెబ్బై సంవత్సరాలు అయ్యాక మిమ్మల్ని తీసుకువస్తాను. ఆ తరువాతనే మన కార్డు మీది వచనం వస్తుంది.

ఆ డెబ్బై ఏళ్లు ఎక్కడి నుండి లెక్కపెట్టాలో పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. సెమినరీలో మేము ఈ చర్చ మీద గంటలు గడిపేవాళ్లం. మామూలు లెక్క ఒకటి చాలు. చెరలోకి వెళ్లేనాటికి ముప్పై ఏళ్లవాడు, క్రీ.పూ. 539లో కోరెషు బబులోనును పట్టుకునేనాటికి ఎనభై ఎనిమిదేళ్లవాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దలలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూశారు. మేలు చేస్తానన్న మాట దేవుడు వారికే చెప్పాడు. షెమయా అనే అతనికి అది మింగుడుపడలేదు. ఈ యిర్మీయాను బొండలో ఎందుకు వేయలేదని యెరూషలేములోని యాజకునికి ఎదురు ఉత్తరం రాశాడు.

ఈ మధ్య ఒక సహోదరి నుండి మాకు ఉత్తరం వచ్చింది. ఆమె భర్త రెండేళ్ల ఒప్పందం మీద కువైట్ వెళ్లారు. తొమ్మిదేళ్లయింది. అప్పు మీద అప్పు, ఒప్పందం మీద ఒప్పందం. వెళ్లిన ఏడాది ఆమెకు వచ్చిన వాగ్దానం ఈ వచనమే. "అయ్యగారూ, ఆయన వచ్చాక చూద్దామని ఇంటి కప్పు బాగుచేయించలేదు. ఆయన వచ్చాక నేర్చుకుందామని కుట్టుపని మానుకున్నాను. సంఘంలో పాట పాడటం కూడా మానేశాను. దేవుని మాట తప్పిపోయిందా?" అని అడిగింది.

అమ్మా, మీ ఆయన ఎప్పుడు వస్తారో నాకు తెలియదు. తెలిసినట్టు చెబితే నేను హనన్యా పక్షాన చేరినట్టే. కానీ మీకు వచ్చిన వచనానికి ఆరు వచనాల పైన, ఇల్లు కట్టుకో, తోట వేసుకో అని ఉంది. అది కూడా మీకు వచ్చిన వాగ్దానంలో భాగమే. వానాకాలం రాకముందే ఆ కప్పు వేయించండి. కుట్టుమిషను దగ్గర కూర్చోండి. వచ్చే ఆదివారం పాడండి. మీ ఆయన గదిలో ఒంటరిగా చేసుకునే ప్రార్థనలో ఆ దేశం కోసం, యజమాని కోసం కూడా ఒక మాట చేర్చమనండి. కష్టమే, కానీ ఆ సంగతి కూడా ఆ ఉత్తరంలోనే ఉంది.

చెరలోని వారు ఆ మాట ప్రకారం బ్రతికారా? ఇరాక్ నేలలో దొరికి, 2014లో ప్రచురితమైన మట్టి పలకలు కొన్ని ఉన్నాయి. యూదా పట్టణం అని అర్థం వచ్చే ఊరు ఒకటి వాటిలో కనిపిస్తుంది. అక్కడి యూదులు పొలాలు కౌలుకు చేశారు, యవలు, ఖర్జూరాలు పండించారు, పన్ను కట్టారు, అప్పులు రాసుకున్నారు. మన పల్లెల్లో కౌలు కాగితాల లాంటివే అవి. బబులోను రాజనగరులో అంతకుముందే దొరికిన పలకల్లో, చెరలో ఉన్న యెహోయాకీనుకు, అతని ఐదుగురు కుమారులకు ఇచ్చిన నూనె రేషన్ లెక్క ఉంది.

రేషన్ నూనె తిన్న ఆ కుటుంబాన్ని మరచిపోకండి. మత్తయి మొదటి అధ్యాయంలో యెకొన్యా అనే పేరుంది. ఈ యెహోయాకీనే అతడు. బబులోనుకు కొనిపోబడిన తరువాత అతనికి షయల్తీయేలు, ఆ వంశంలో జెరుబ్బాబెలు, అలా ఆ వరుస మరియ భర్త యోసేపు వరకు వస్తుంది. చెరలో పెళ్లిళ్లు చేసుకొని పిల్లల్ని పెంచిన ఇళ్ల గుండానే దేవుని ఉద్దేశం నడిచింది. ఆ ఇళ్లలో ఉయ్యాల ఊపిన తల్లికి ఈ సంగతి తెలుసా? తెలియదు. ఆ అధ్యాయం ముగియకముందే దేవుడు మనకు తోడు అని అర్థమిచ్చే ఇమ్మానుయేలు అనే పేరు కూడా కనిపిస్తుంది.

ఆ తోడు చెరలో ఎలా కనబడిందో యెహెజ్కేలును అడగండి. యాజకుని కుటుంబంలో పుట్టినవాడు. సంఖ్యాకాండము 4వ అధ్యాయం ప్రకారం ప్రత్యక్ష గుడారపు సేవకు వయసు ముప్పై. ముప్పైయవ సంవత్సరమున అని అతని గ్రంథం మొదలవుతుంది. అది అతని వయసేనని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. దేవాలయంలో సేవ మొదలుపెట్టవలసిన ఏడు, కెబారు గట్టున కూర్చున్నాడు. నది అని చదువుతాం గానీ అది పొలాలకు నీళ్లు పారించే కాలువ అంటారు, మన కోనసీమ కాలువల వంటిది. గుడి లేదు, బలిపీఠం లేదు. అక్కడ ఆకాశం తెరుచుకుంది. దేవుని మహిమ సింహాసనం మీద కనబడింది, దాని క్రింద చక్రాలున్నాయి! యెరూషలేములోనే ఉండిపోతాడనుకున్న దేవుడు కాలువ గట్టుకు వచ్చాడు. 11వ అధ్యాయంలో, వారు చెదరిపోయిన దేశాల్లో కొంతకాలం తానే వారికి పరిశుద్ధాలయంగా ఉంటానని చెప్పాడు.

కాబట్టి దుబాయి లేబర్ క్యాంపులో ఉన్న తమ్ముడా, హైదరాబాదు హాస్టల్లో ఉన్న చెల్లీ, ఆస్పత్రి వరండాలో చాప పరచుకొని ఉన్న అయ్యా, ఆయన మీ ఊరి మందిరం దగ్గర ఆగిపోలేదు. ఇప్పుడు తలలు వంచుదాం.

పరలోకమందున్న తండ్రీ, ఎప్పుడు అని అడిగి అలసిపోయిన వారిని నీ యెదుట పెడుతున్నాము. ఆ సహోదరి ఇంటి కప్పుకు కావలసినది దయచేయుము. పరదేశంలో ఉన్న ఆమె భర్తను, ఆ ఊరిని, ఆ యజమానిని దీవించుము. రేపు ఉదయం పనికి వెళ్లవలసిన మాతో కూడా రమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.